వంటింటి గుమ్మంలో నిలబడ్డ మనిషి

మా ల్యాబులో ఆమెను అందరూ సూదక్క అనేవాళ్ళు. రక్తం తియ్యడంలో ఆమె చెయ్యి అలాంటిది. ఏడ్చే పసిపిల్లలు, నరం దొరకని లావుపాటి మనుషులు, సూది పేరెత్తితే కళ్ళు తిరిగి పడిపోయే మగమహారాజులు, అందరూ ఆమె వచ్చేదాకా కూర్చుంటామనేవాళ్ళు. "పిడికిలి బిగించండి, ఇంకేముంది, అయిపోయింది" అనేది. ఆ "ఇంకేముంది" దగ్గరే సూది దిగిపోయేది. మనిషి కళ్ళు తెరిచేసరికి దూది అద్ది మోచెయ్యి మడిచేసేది.

నేను ముందు గదిలో పేర్లు రాసుకుని, రిపోర్టులు అందించేదాన్ని. పొద్దున్నే పరగడుపున వచ్చేవాళ్ళ రద్దీ తగ్గాక మా ఇద్దరికీ పెద్ద పని ఉండేది కాదు. లోపల గదిలో రక్తపు గొట్టాలు యంత్రంలో గిరగిర తిరుగుతుంటే, ఆ రొద పక్కనే స్టూలు లాక్కుని సూదక్క కథలు రాసుకునేది. ప్రింటు చెడిపోయిన రిపోర్టు కాగితాల వెనక వైపున, గుండ్రటి అక్షరాలతో, కొట్టివేతలు లేకుండా. ఓ వారపత్రికలో నాలుగైదు పడ్డాయి కూడా. పత్రిక వచ్చిన రోజు దాన్ని ఏమీ ఎరగనట్టు పేషెంట్లు కూర్చునే బెంచీ మీద పడేసి, కర్టెన్ సందులోంచి తొంగి చూసేది, ఎవరు తీస్తారో, ఏ పేజీ దగ్గర ఆగుతారో, నవ్వుతారో లేదో అని. "అక్కా, వాడు క్రీడల పేజీ చదువుతున్నాడు" అని నేనంటే, "నోరు ముయ్యవే, తిప్పుతున్నాడు" అని నా చెయ్యి గిల్లేది.

ఆమె ఇంట్లో నలుగురు. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మాట తక్కువ మనిషి. కూతురు అప్పటికి చిన్న పిల్ల. నాలుగో మనిషి అత్తగారు. ఆ ఇంటి సందడంతా ఆవిడే. ఒకప్పుడు స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టి కొడుకును పెంచిన మనిషి. భోజనాల దగ్గర కూర్చుందంటే మేడ మీదవాళ్ళ నుంచి కింద వాచ్‌మన్ దాకా ఒక్కొక్కరినీ గొంతు మార్చి, మూతి తిప్పి దింపేసేది. పైవాటా ఆవిడ చెప్పుల చప్పుడు కూడా నోటితో చేసి చూపించేది. నేను వాళ్ళింటికి ఎప్పుడు వెళ్ళినా పొట్ట చెక్కలయ్యేలా నవ్వి వచ్చేదాన్ని.

ఆవిడకు షుగరు బయటపడింది. డాక్టరు తీపి ముట్టకూడదన్నాడు. ఆవిడ బుద్ధిగా తలూపింది. సూదక్క అప్పుడప్పుడూ పొద్దున్నే ఇంట్లోనే ఆవిడ రక్తం తీసి, ల్యాబుకు తెచ్చి పరీక్ష చేసేది. ఇంట్లో తిండి చూస్తే పథ్యం. రిపోర్టు చూస్తే షుగరు ఎక్కడా ఆగడం లేదు.

"అత్తయ్యా, నిజం చెప్పండి, ఏమైనా తింటున్నారా?"

"నీ మీద ఒట్టు. వేలి మీద పలుకు కూడా వేసుకోలేదు. మీ మిషనే పాడైపోయి ఉంటుంది, చూసుకో."

ఒకరోజు తెల్లవారుతుండగా మంచినీళ్ళ కోసం లేచిన సూదక్క వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. లోపల అత్తగారు. భుజం మీద తువ్వాలు. గట్టిగా దగ్గి, ఆ దగ్గు చాటున పంచదార డబ్బా మూత తీసింది. చూపుడు వేలు నాలుక మీద తడుపుకుని పంచదారలో అద్దింది. ఆ వేలిని దీపం వైపు ఎత్తి పట్టుకుని, పలుకులన్నీ అంటుకున్నాయా లేదా అని చూసుకుంది. అప్పుడు నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

ఆ దృశ్యం కథైపోయింది. "పెద్ద చీమ" అని పేరు. ఇంట్లో పంచదార తరిగిపోతుంటే కోడలు చీమల మందు కొని డబ్బా చుట్టూ చల్లుతుంది. చీమలు పోతాయి, పంచదార మాత్రం తరుగుతూనే ఉంటుంది. చివరికి ఆ పెద్ద చీమ అత్తగారని తేలుతుంది. దగ్గు, తడి వేలు, "మీ మిషనే పాడైంది" అన్న మాట, అన్నీ ఉన్నాయి. పేర్లు లేవు గానీ ఆవిడను ఒక్కసారి చూసినవాళ్ళెవరికైనా పేరుతో పని లేదు.

ఆ కథకు వచ్చినన్ని ఉత్తరాలు మరే కథకూ రాలేదట. మా డాక్టరు తన గదిలోంచి బయటికొచ్చి మరీ, "మీ చీమగారికి ఈ నెల ఎంతుంది?" అని అడిగాడు. నేను కడుపు పట్టుకుని నవ్వాను. పైవాటా ఆవిడ కథను పాపం అత్తగారికే పూసగుచ్చినట్టు చెప్పింది, ఇలా అద్దుతావటగా అని వేలు చూపించి మరీ. మెట్ల మీద ఆడుకునే పిల్లలు "చీమ మామ్మా, చీమ మామ్మా" అని పాటందుకున్నారు.

అత్తగారు కూడా నవ్వింది. "అవునర్రా, చీమనే. కుడతాను, దూరంగా ఉండండి" అంది. ఆ పూట భోజనాల వేళకు మాత్రం తన కంచం తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది. నడుం పట్టేసింది, కుర్చీలో కూర్చోలేనంది. మర్నాడూ అంతే. ఆ తర్వాత ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. గది తలుపు ఓరగా వేసుకుని, ఎవరూ చూడకుండా తిని, కంచం తనే కడుక్కుని బోర్లించేది. బల్ల దగ్గర ముగ్గురే మిగిలారు. గొంతులు మార్చి మాట్లాడేవాళ్ళు లేరు. మాట తక్కువ భర్త, తల దించుకున్న సూదక్క, "నానమ్మ ఎందుకు రావట్లేదు?" అని అడిగే చిన్నపిల్ల.

ఓ ఆదివారం బంధువులందరూ ఇంట్లో పోగయ్యారు. ఆడపడుచు మాటల్లో మాటగా, "మా అమ్మను పత్రికకెక్కించావటగా వదినా, ఇంకెప్పుడు సినిమా తీస్తావు?" అని దెప్పింది. సూదక్క చేతిలో టీ కప్పులున్న పళ్ళెం ఉంది. దాన్ని కింద పెట్టి, నిలబడి, అందరూ వినేలా చెప్పింది: "ఇక ఈ జన్మలో కలం పట్టను. మా అత్తయ్య కంటే నాకు కథలు ఎక్కువ కాదు."

ఒక్కొక్కరే కళ్ళు తుడుచుకున్నారు. ఆడపడుచు వచ్చి భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఇలాంటి కోడలు ఎంతమందికి దొరుకుతుంది అన్నారు. అత్తగారు మాత్రం లేచి వెళ్ళి కుళాయి కింద చేతులు కడుక్కుంది.

పదేళ్ళ పైమాటే గడిచింది. మా ల్యాబు పక్క వీధిలోకి, లిఫ్టున్న మేడలోకి మారింది. కొత్త యంత్రాలొచ్చాయి. సూదక్క జుట్టు ముందు వైపు నెరిసింది. ఎవరైనా పాతవాళ్ళు "మీరు కథలు రాసేవారు కదూ?" అని అడిగితే, సన్నగా నవ్వి, "ఇంట్లో పెద్దవాళ్ళకు బాధ కలిగిందండీ, మానేశాను" అనేది. అడిగినవాళ్ళు అయ్యో అనేవాళ్ళు. నేనూ అలాగే చెప్పేదాన్ని, ఆమె లేనప్పుడు, ఇంకాస్త ఎక్కువ జాలి కలిపి.

అత్తగారి కళ్ళకు శుక్లాలొచ్చాయి. షుగరు అదుపులోకి వచ్చాక ఆపరేషన్ చేశారు. కంటికి కట్టు. టీవీ చూడకూడదు, వంగకూడదు, ఊరికే పడుకోవాలి. మాటకారి మనిషి, చూపు కూడా లేకపోతే పొద్దు ఎలా పోతుంది? సూదక్క సెలవు పెట్టి పక్కనే ఉండి, చుక్కల మందు వేస్తూ, పేపరు చదివి వినిపించేది. మూడో రోజో నాలుగో రోజో, మధ్యాహ్నం, పేపరు అయిపోయింది. అత్తగారు గోడ వైపు తిరిగి పడుకునే అంది:

"నీ కథ చదువు."

"ఏ కథ అత్తయ్యా?"

"ఏ కథేమిటి? చీమ కథ. ఊరంతా చదివింది. నేనే చదవలేదు. ఆ మేడ మీదావిడ నోటితో విన్నదే."

"అది నా దగ్గర లేదు. అప్పుడే చింపేశాను."

"కాగితం చింపేశావు. నీకు గుర్తుండదా? నువ్వు కన్నదేగా. చెప్పు."

గుర్తుంది. మొదటి వాక్యం నుంచి చివరి దాకా గుర్తుంది. అన్నేళ్ళుగా ఎవరికీ తెలియకుండా దాన్ని మనసులో అప్పజెప్పుకుంటూనే ఉంది. ఎక్కడ జనం నవ్వారో, ఏ మాట ఎంత బాగా కుదిరిందో నెమరేసుకుంటూనే ఉంది. ఆ సంగతి ఆ క్షణంలోనే తనకు తెలిసొచ్చిందని, సిగ్గుతో చెవులు వేడెక్కాయని నాతో చెప్పింది.

చెప్పడం మొదలుపెట్టింది. చీమల మందు దగ్గర అత్తగారి బొజ్జ చిన్నగా కదిలింది. నవ్వింది. నవ్వింది కదా అని సూదక్క కాస్త ధైర్యంగా, కాస్త హుషారుగా కూడా ముందుకు వెళ్ళింది. దగ్గు వచ్చింది, డబ్బా మూత వచ్చింది, తడి వేలు వచ్చింది. వేలిని దీపం వైపు ఎత్తి చూసుకోవడం వచ్చింది.

"ఆగు" అంది అత్తగారు.

ఆగింది.

"అది నువ్వు చూశావా? కల్పించావా?"

"చూశాను."

"ఎక్కడ నిలబడి?"

"గుమ్మంలో."

"ఎంతసేపు?"

సూదక్క మడిచిన పేపరునే మళ్ళీ మడిచింది.

"పిలవొచ్చుగా. అత్తయ్యా, ఏం చేస్తున్నారు అని ఒక్క మాట. సిగ్గుపడి డబ్బా మూత పెట్టేసేదాన్ని. నువ్వు రక్తం తీసే మనిషివి. తింటే నాకేమవుతుందో నాకంటే నీకే బాగా తెలుసు."

అప్పుడు సూదక్క ఎవరికీ ఎప్పుడూ చెప్పని మాట చెప్పింది. ఒక్కరోజు కాదు. మర్నాడు కూడా తెల్లవారకముందే లేచి, చెప్పులు లేకుండా వచ్చి, అదే గుమ్మంలో నిలబడింది. ఏ వేలో సరిగ్గా చూడలేదని. చూపుడు వేలా, మధ్య వేలా అని. కథలో తప్పు రాయకూడదని.

అత్తగారు దుప్పటి భుజం మీదికి లాక్కుంది.

"మొత్తం చెప్పు" అంది.

మిగతాది చెప్పింది. ఈసారి ఎక్కడా హుషారు లేదు. అయిపోయాక అత్తగారు అంది: "బాగానే రాశావు. నవ్వొచ్చింది. నేనూ ఒకప్పుడు అందర్నీ వెక్కిరించినదాన్నే. కానీ వాళ్ళు వినేలా వెక్కిరించేదాన్ని. చెయ్యెత్తి కొట్టాలంటే కొట్టగలిగేంత దగ్గర్లో ఉండి వెక్కిరించేదాన్ని."

"తప్పయిపోయింది అత్తయ్యా. అందుకే మానేశాను. మళ్ళీ రాయలేదు."

ఆ మాటకు ఆవిడ ఇటు తిరిగింది. ఒక కంటికి కట్టు, ఇంకో కంటికి మసక. ఆ చూపుతోనే కోడలి వైపు చూసింది.

"రాయొద్దని నేను చెప్పానా?"

"లేదు."

"నన్నడిగావా?"

"లేదు."

"పదిమందిని కూర్చోబెట్టుకుని చెప్పావు. అత్త కోసం మానేస్తున్నానని. నాటి నుంచి ఎవరొచ్చినా నన్నదోలా చూస్తారు. పాపం ఆ పిల్ల ఎంత బాగా రాసేదో, ఈ ముసలిది నోరు కట్టేసింది అని. నీ కూతురు కూడా అంది ఒకసారి, నానమ్మా నీవల్లే కదా అని. చూడమ్మాయ్, నువ్వు రాసి ఒక్కసారి నా పరువు తీశావు. మానేసి ఇన్నేళ్ళూ తీస్తూనే ఉన్నావు. మొదటిదైనా నలుగురూ నవ్వి మర్చిపోయారు."

తర్వాత, ఇంకేమీ లేనట్టు, "చుక్కల మందు టైమైందేమో చూడు" అంది.

సెలవు అయిపోయి మర్నాడు సూదక్క ల్యాబుకు వచ్చింది. మొదటి పేషెంటు ఒక కుర్రాడు, తాడుల్లాంటి నరాలు. సూది గుచ్చింది, నరం తప్పింది. రెండో చేతికి గుచ్చింది, మళ్ళీ తప్పింది. "క్షమించు నాయనా" అని లేచి బయటికి వచ్చేసింది. నేను ఆమెను అలా చూడటం అదే మొదలు. లోపలి గదిలో స్టూలు మీద కూర్చుని, చేతి తొడుగులు కూడా తియ్యకుండా, అంతా చెప్పింది.

"ఇన్నాళ్ళూ నాకు సిగ్గుగా ఉందనే అనుకున్నానే" అంది. "కాదు. అది సిగ్గు కాదు. దానికి మంచి బట్టలు తొడిగి ఊళ్ళో తిప్పుతున్నాను. ఇప్పుడొచ్చింది అసలు సిగ్గు."

"పెద్దావిడ ఏదో కోపంలో" అన్నాను.

"కోపంలో అనలేదు. ఇంకోటి చెప్పనా? ఎవరికీ చెప్పకు. చీమ కథ తర్వాత ఇంకో కథ మొదలుపెట్టాను. రావడం లేదు. ఎంత గింజుకున్నా రెండు పేజీలు దాటడం లేదు. జనం మళ్ళీ అంతగా నవ్వరేమోనని భయం. సరిగ్గా అప్పుడే ఆడపడుచు ఆ మాట అంది. నాకు ఎంత హాయిగా అనిపించిందో తెలుసా, రాయనని చెప్పేయగానే? బరువు దిగిపోయినట్టు. ఆ బరువంతా ఎవరి నెత్తిన దించానో చూసుకోలేదు."

ఆమె ముఖంలో నేను ఎప్పుడూ చూడని రంగు. ఎవరైనా చూస్తారేమోనన్నట్టు కర్టెన్ లాగేసింది.

మళ్ళీ రాయడం అక్కడి నుంచి మొదలైందని చెబితే బాగుండేది గానీ అలా జరగలేదు. ముందు చాలా నెలలు ఏమీ జరగలేదు. రాయకపోతే అత్తగారి మీద నేరం మోపుతూనే ఉన్నట్టు. రాస్తే మళ్ళీ ఎవరి ఇంట్లోకో తొంగిచూసినట్టు. ఎటు తిరిగినా తన తప్పే కనిపించేది. మధ్యాహ్నాలు పని తగ్గాక కాగితం తీసుకునేది. పెన్ను మూత తీసి, "ఈ గొట్టాల స్టాండు చూడు ఎంత మురికిగా ఉందో" అని లేచేది. స్టాండు అయ్యాక ఫ్రిజ్ కడిగేది. మా ల్యాబు ఆ ఏడాది మెరిసినంతగా ఎప్పుడూ మెరవలేదు. డాక్టరు ఆమెకు జీతం పెంచాలేమో అని కూడా అన్నాడు.

ఒక పెద్దాయన వచ్చేవాడు. సూది గుచ్చేటప్పుడు కళ్ళు మూసుకుని పెదవులు కదిపేవాడు. ప్రార్థన అనుకున్నాం. ఒకరోజు దగ్గరగా వింటే, చనిపోయిన భార్యతో మాట్లాడుతున్నాడు, "నువ్వైతే ఏడ్చేదానివి, చూడు, నేను ఏడవడం లేదు" అని. ఆయన వెళ్ళిపోయాక సూదక్క కళ్ళు వెలిగాయి. ఆ వెలుగు నాకు తెలుసు. మరుక్షణం ఆమె చెయ్యి తన నోటికే అడ్డం పెట్టుకుంది, ఎవరి జేబులోనో వేళ్ళు పెడుతూ దొరికిపోయినట్టు.

"చూశావా? నాకు బుద్ధి రాలేదు. మళ్ళీ అదే పని. ఆయన బాధ వినగానే వాక్యం కట్టేశాను."

"రాయకుండా ఉండలేకపోతే రాసెయ్యి అక్కా."

"ఎవరి గురించి రాయను? ఎవరి గురించి రాసినా దొంగతనమే."

"అయితే నీ గురించే రాసుకో. ల్యాబు కోర్సులో ముందు ఎవరి చేతికి గుచ్చి నేర్చుకున్నారు మీరంతా? మీ చేతికేగా?"

నేనేదో తమాషాకు అన్నాను. ఆమె నవ్వింది కూడా. "నా చెయ్యి వాచిపోయింది ఆ నెలంతా" అంది. కానీ ఆ రోజు ఫ్రిజ్ కడగలేదు.

రాయడం మొదలుపెట్టింది. చీమ కథనే, ఇంకో వైపు నుంచి. ఈసారి వంటింట్లో ఉన్న మనిషి గురించి కాదు, గుమ్మంలో నిలబడ్డ మనిషి గురించి. చెప్పులు లేకుండా ఎందుకు వచ్చిందో. ఊపిరి ఎందుకు బిగపట్టిందో. ఆ పూటే తను తీసిన రక్తంలో షుగరు పెరిగి కనిపిస్తే, ఒక కోడలిగా బాధపడుతూనే, రాసే మనిషిగా ఎందుకు సంతోషించిందో. పాత గుండ్రటి అక్షరాలు లేవు. కొట్టివేతలతో కాగితం నల్లబడేది. ఒక పేరా రాసి, ముఖం కడుక్కోవడానికి వెళ్ళేది. "చదువుతుంటే నాకే అసహ్యంగా ఉంది" అనేది. చించేస్తుందేమోనని నేను చూసేదాన్ని. చించేది కాదు. మర్నాడు మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టేది. తనను తాను మరీ దుర్మార్గురాలిగా రాసిన చోట్లు కొట్టేసేది. "ఇది కూడా వేషమే. చూడండి నేనెంత చెడ్డదాన్నో అని మెప్పు కోసం రాసినట్టుంది" అనేది. అలా ఎన్నిసార్లు తిరగరాసిందో నాకు లెక్క తెలియదు.

పూర్తయ్యాక ఎక్కడికీ పంపలేదు. ఒక మధ్యాహ్నం అత్తగారి గది తలుపు తట్టింది.

"అత్తయ్యా, ఒకటి రాశాను. మీరున్నారు ఇందులో. పత్రికకు పంపేముందు మీరు వినాలి. వద్దంటే ఇక్కడితో ఆపేస్తాను. ఎవరితోనూ మీ పేరు చెప్పను, మీకోసం ఆపానని కూడా చెప్పను."

ఆవిడ అప్పటికి కొత్త కళ్ళద్దాలతో బటన్లు కుట్టుకుంటోంది. "కూర్చో" అంది. సూది పక్కన పెట్టలేదు. వింటూనే కుట్టింది.

మధ్యలో అడ్డుపడింది కూడా. "దగ్గు చాటున అని రాశావు. చాటూ లేదు, మాటూ లేదు. నాకప్పుడు నిజంగానే దగ్గు. పదిహేను రోజులు బాధపడ్డాను, ఎవరూ పట్టించుకోలేదు." సూదక్క అంచులో రాసుకుంది. "తువ్వాలు కాదు, శాలువా. చలికాలం అది." అదీ రాసుకుంది. గుమ్మంలో రెండో రోజు నిలబడటం దగ్గర మాత్రం ఆవిడ కుట్టు ఆగింది. కాసేపటికి సూది మళ్ళీ కదిలింది.

చివర్లో ఒక పేరా ఉంది. కథ అచ్చైన వారం అత్తగారు స్నానాల గదిలో కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చేది. బయట బట్టలు ఆరేస్తున్న కోడలు ఆ నీళ్ళ చప్పుడు విని, ఎంతకూ కట్టెయ్యరేమిటని అనుకుంటూ, అర్థమయ్యాక కూడా తలుపు తట్టకుండా, చేతిలో తడిబట్టతో నిలబడిపోయింది. ఆ కథ మొత్తంలో అంత బాగా రాసిన చోటు మరొకటి లేదు. రాస్తున్నప్పుడే ల్యాబులో నేను చదివాను.

"అది తీసెయ్" అంది అత్తగారు.

సూదక్క పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టింది.

"మిగతాదంతా ఉంచుకో. పంచదార ఉంచుకో, వేలుంచుకో, దగ్గుంచుకో. నవ్వేవాళ్ళను నవ్వనీ. అది మాత్రం తీసెయ్. అది నాది."

ఆ సాయంత్రం ల్యాబుకు వచ్చి సూదక్క ఆ సంగతి చెబుతుంటే ఆమె చెంపలు ఎర్రబడే ఉన్నాయి. "తీసేస్తానని వెంటనే అనలేకపోయానే. ఆవిడ ఏడ్చిన ఏడుపు అది. నేను నా పేరా అనుకుంటున్నాను. అయ్యో, బాగా వచ్చిందే, పోతుందే అని లోపల గింజుకున్నాను. ఆవిడ ముఖం చూస్తూ గింజుకున్నాను. ఎప్పటికి మనిషినవుతానో."

"మరి ఏం చేశావు?"

"ఆవిడ ఎదురుగానే కొట్టేశాను. కనపడకుండా అడ్డంగా, నిలువుగా." చేతిలో కాగితం చూపించింది. కింద సగం పేజీ నల్లగా ఉంది.

"మరి పంపొచ్చన్నారా?"

"పంపితే పంపు, పంపకపోతే మానెయ్, ఈసారి మాత్రం ఏదైనా నీ ఇష్టప్రకారం చెయ్యి, నా నెత్తిన పెట్టకు అన్నారు."

పాత వారపత్రిక ఎప్పుడో మూతపడింది. ఒక పత్రికకు పంపితే ముగింపు చప్పగా ఉందని తిప్పి పంపారు. నిజమే, ఆ పేరా పోయాక కథ చివర కాస్త కుంటుతుంది. తను ఒక్క మాట కూడా వాదించకుండా ఇంకో చోటికి పంపింది. ఆరేడు నెలలకు ఒక ఇంటర్నెట్ పత్రికలో వచ్చింది. ఈసారి గుట్టలుగా ఉత్తరాలు లేవు. కింద నలుగురైదుగురు ఏదో రాశారు. ఒకామె, "ఇలాంటి కోడలు ఉంటే అత్తల గతి అంతే" అని తిట్టింది. సూదక్క అది నాకు చదివి వినిపించి, "సరిగ్గానే అంది" అని ఫోను బల్ల మీద బోర్లించింది. నవ్వడానికి ప్రయత్నించింది గానీ కుదరలేదు.

అన్నిటికంటే కష్టమైన పాఠకురాలు ఇంట్లోనే ఉంది. కూతురు అప్పటికి కాలేజీ పిల్ల. బస్సులో ఫోనులో చదివిందట. ఇంటికొచ్చి, భుజాన సంచి కూడా దించకుండా, తల్లి ఎదురుగా నిలబడింది.

"అమ్మా, ఇది నువ్వేనా? నిజంగా అలా నిలబడి చూశావా?"

కథ కదమ్మా, కల్పన, అనొచ్చు. రాసేవాళ్ళకు ఆ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. సూదక్క ఒక్క క్షణం దాని వైపు చూసిందట కూడా.

"నిలబడ్డాను."

"రెండో రోజు కూడా?"

"రెండో రోజు కూడా."

"మరి నానమ్మవల్ల రాయడం మానేశానని చెప్పావుగా చిన్నప్పుడు? నేను నానమ్మను ఎన్ని మాటలన్నానో తెలుసా?"

"తెలుసు. అదీ అబద్ధమే. నేను చెప్పిందే."

కూతురు నానమ్మ గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ రోజు తల్లితో మాట్లాడలేదు, మర్నాడూ మాట్లాడలేదు. మూడో రోజు నుంచి అవసరానికి రెండు మాటలు. మునుపటిలా ఒళ్ళో తలపెట్టి కబుర్లు చెప్పడానికి చాలా కాలం పట్టింది. ఆ రోజుల్లో నేను అడిగాను, రాసినందుకు బాధగా ఉందా అని. "బాధగానే ఉంది. రాయనప్పుడూ ఉండేది" అంది. "రాయనప్పుడు ఆ బాధను ఎవరికో ఒకరికి చూపించాలనిపించేది. ఇప్పుడు ఎవరికీ చూపించాలని లేదు. తేడా అంతే."

అత్తగారు ఆ మార్పులేవీ పట్టించుకోలేదు. కథ వచ్చిన మాట పైవాటా ఆవిడ మోసుకొస్తే, "చదివాను, రెండు తప్పులు నేనే దిద్దాను" అందట. అంతకుమించి పొగడనూ లేదు, తిట్టనూ లేదు. భోజనం ఇప్పటికీ తన గదిలోనే చేస్తుంది. ఎవరూ రమ్మని బతిమాలరు. ఒకసారి సూదక్క ధైర్యం చేసి అడిగితే, "అలవాటైపోయిందమ్మాయ్, ప్రశాంతంగా ఉంటుంది" అంది. అది నిజమో, కోపమో సూదక్కకు తెలియదు. తెలియాలని గుమ్మం దగ్గర నిలబడి చూడటం మాత్రం మానుకుంది.

ఇప్పుడు మధ్యాహ్నాలు మా లోపలి గదిలో యంత్రం తిరుగుతుంటే స్టూలు మీద ఆమె ఉంటుంది. కాగితం మీద కొట్టివేతలు ఎక్కువ. కొన్ని రోజులు ఒక్క వాక్యమూ రాదు, ఊరికే కూర్చుని లేస్తుంది. ఫ్రిజ్ జోలికి మాత్రం వెళ్ళదు. పోయిన వారం భార్యతో మాట్లాడే ఆ పెద్దాయన వచ్చాడు. రక్తం తీసి, దూది అద్ది, మోచెయ్యి మడిచాక, సూదక్క ఆయన పక్కన బెంచీ మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరీక్షకు వచ్చిన పిల్లలా, తల పూర్తిగా ఎత్తకుండానే అడిగింది:

"నేను కథలు రాస్తానండీ. మీరు సూది గుచ్చేటప్పుడు మాట్లాడే మాటలు ఒకసారి విన్నాను. వినకూడదు, విన్నాను. అది నేను రాయొచ్చా?"

ఆయన మోచేతి మడతలో దూదిని అదిమి, చొక్కా చెయ్యి దించుకున్నాడు.

"రాయొద్దమ్మా" అన్నాడు.

"సరేనండీ" అంది సూదక్క. ఆయనను లేవదీసి లిఫ్టు దాకా దిగబెట్టి, తిరిగొచ్చి స్టూలు మీద కూర్చుని, అంతకుముందు ఆపిన కథ కాగితం ముందుకు లాక్కుంది.